క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్

క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ (జూన్ 22, 1909 - జూన్ 11, 1995) ఆస్ట్రియాలో జన్మించి, భారతదేశం, నేపాల్‌లలోని కొండజాతుల జీవితాన్ని సుమారు అర్ధ శతాబ్దం పాటు పరిశీలించిన మానవ శాస్త్రవేత్త. నిజాం ప్రభుత్వానికి గిరిజన వ్యవహారాల సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగాను, ఆ తరువాత లండను విశ్వవిద్యాలయానికి చెందిన ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో ఆచార్యుడుగాను పనిచేసాడు. తెలుగు పాఠకులకు ఈయన పేరు ఎక్కువగా కొమురం భీం తిరుగుబాటు తరువాత ఆదిలాబాదు గోండులకు భూమి పట్టాలు ఇప్పించిన అధికారిగా తెలుసు. అయితే ఆదిలాబాదు గోండుల దేవతా గాథలను, వాటిని పాడే పర్ధానుల నోటి నుండి విని విస్తారంగా గ్రంథస్థం చేసినవాడు కూడా ఈయనే. పటాలు, నోటుపుస్తకాలు, చలనచిత్రాల రూపంలో ఈయన వదిలి వెళ్ళిన సామగ్రిని కాపాడే పని ఈయన జీవితకాలంలోనే మొదలై మరణానంతరం కూడా కొనసాగింది.

జననం, విద్యాభ్యాసం

హైమెన్‌డార్ఫ్ వియన్నా నగరంలో ఒక ప్రభు కుటుంబంలో జన్మించాడు. వియన్నా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వాన్ హైనె గెల్డెర్న్ వద్ద మానవ శాస్త్రం అభ్యసించి, అస్సాం, వాయవ్య బర్మా కొండజాతుల సామాజిక వ్యవస్థపై సిద్ధాంత వ్యాసం రాసి 1931లో డాక్టరేటు పొందాడు. అప్పటికి ఆ కొండలను ఈయన కళ్ళతో చూడలేదు. వ్యాసమంతా గ్రంథాలయంలో కూర్చుని రాసినదే. 1935లో రాక్‌ఫెల్లర్ ఉపకార వేతనంపై లండను వెళ్ళి మాలినోవ్‌స్కీ గోష్ఠులకు హాజరయ్యాడు. ఒక జాతిని తెలుసుకోవాలంటే ఆ జాతి మధ్య నివసించి, ఆ భాష నేర్చి, రోజువారీ జీవితాన్ని గమనించాలన్న పద్ధతి ఈయనకు అక్కడ అబ్బింది.

ఈయన పుట్టిన ఊరికి ఈ వ్యాస విషయంతో మరొక సంబంధం కూడా ఉంది. ప్రపంచంలో ధ్వనులను భద్రపరచడానికి ఏర్పడిన తొలి భాండాగారం 1899లో వియన్నాలోనే, అక్కడి విజ్ఞాన అకాడమీ ఆధ్వర్యంలో వెలసింది. మరుసటి సంవత్సరం బెర్లిన్‌లో అటువంటిదే మరొకటి ఏర్పడింది. రాతలేని జాతుల పాటలను, మాటలను మైనపు గొట్టాలపై ముద్రించి తెచ్చి దాచాలన్న తలంపు యూరపులో ఆ విధంగా నాటుకుంది. భారతదేశంలో గ్రియర్సన్ భాషా పరిశీలనకు అనుబంధంగా 1913 మొదలుకొని వివిధ భాషల నమూనాలను గ్రామఫోను పలకలపై నమోదు చేసారు. డచ్చి పండితుడు ఆర్నాల్డ్ బాకే 1930లలో దేశమంతా తిరిగి జానపద సంగీతాన్ని నమోదు చేసాడు. మైనపు గొట్టంతో ఒక చిక్కు ఉంది. వినిపించిన ప్రతిసారీ సూది రాపిడికి గాడి కొంత అరిగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే బూజు పడుతుంది. అంటే పాటను ఎంత ఎక్కువగా వింటే అది అంత త్వరగా నశిస్తుంది. నకలు తీసి, ఆ నకలునే వినడం తప్ప దీనికి మార్గం లేదు.

నాగా కొండలు

1936లో హైమెన్‌డార్ఫ్ నాగా కొండలకు వెళ్ళి, అక్కడి ఆంగ్లేయ అధికారి జె.పి.మిల్స్ సహకారంతో వాక్‌చింగ్ గ్రామంలో నివాసం ఏర్పరచుకుని కోన్యాక్ నాగాలను అధ్యయనం చేసాడు. సరిహద్దు అవతలి పాంగ్‌షా గ్రామంపైకి ప్రభుత్వం పంపిన దండయాత్రలో మిల్స్‌తో పాటు నడిచాడు. ఆ అనుభవాలతో రాసిన గ్రంథం 1939లో ఆంగ్లంలో వెలువడి విశేష ప్రచారం పొందింది. ఈ కాలంలో ఈయన రాసుకున్న దినచర్యలు జర్మన్ భాషలో ఉండేవి. 1937లో తిరిగి వెళ్ళి, 1938లో బెట్టీ బర్నార్డోను వివాహమాడాడు. ఎలిజబెత్ అని కూడా పిలువబడే ఈమె ఆ తరువాత దాదాపు ప్రతి యాత్రలోను భర్తకు తోడుగా ఉండి, స్త్రీల జీవితానికి సంబంధించిన వివరాలను సేకరించింది. దక్షిణాసియా మానవ శాస్త్ర రచనలకు ఈమె కూర్చిన గ్రంథసూచి సంపుటాలు పరిశోధకులకు చిరకాలం ఉపకరించాయి.

యుద్ధకాలం, హైదరాబాదు రాక

1939లో దంపతులు మళ్ళీ భారతదేశం వచ్చారు. సెప్టెంబరులో రెండవ ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. 1938లోనే ఆస్ట్రియాను జర్మనీ కలుపుకోవడం వలన హైమెన్‌డార్ఫ్ చేతిలో ఉన్నది జర్మన్ పాసుపోర్టు. ఆ లెక్కన ఈయన శత్రుదేశీయుడు. అయితే ఈయనను నిర్బంధ శిబిరానికి పంపకుండా, హైదరాబాదు సంస్థానం దాటి వెళ్ళరాదన్న షరతుపై వదిలిపెట్టారు. నిజాం ప్రభుత్వ రెవెన్యూ మంత్రి థియోడర్ టాస్కర్, ఆయన తరువాత ఆ శాఖ చూసిన డబ్ల్యు.వి.గ్రిగ్సన్ ఈయనకు అండగా నిలిచారు. గ్రిగ్సన్ స్వయంగా బస్తరు మడియా గోండులపై గ్రంథం రాసినవాడు. నాగా కొండలకు తిరిగి పోదామనుకున్న పండితుడు ఈ విధంగా యుద్ధం పుణ్యమా అని తెలుగునేల కొండల పాలైనాడు.

1940లో నల్లమల అడవిలో అమ్రాబాదు పీఠభూమిపై చెంచుల మధ్య నివసించాడు. దుంపలు, తేనె, అటవీ ఫలాలపై ఆధారపడి జీవించే ఆ జాతి అడవి హక్కులు కోల్పోతున్న తీరును ప్రభుత్వానికి నివేదించగా, 1942లో చెంచులకు ప్రత్యేక రిజర్వు ఏర్పడింది. 1941లో గోదావరి తీరాన పాపికొండల ప్రాంతానికి వెళ్ళి కొండరెడ్లను పరిశీలించాడు. పోడు వ్యవసాయంతో బతికే ఆ రెడ్లు కలప గుత్తేదారుల చేతిలో అప్పులపాలై వెట్టివాళ్ళుగా మారిన వైనం ఆయన నివేదికలో వివరంగా ఉంది. చెంచులపై గ్రంథం 1943లోను, కొండరెడ్లపై గ్రంథం 1945లోను ప్రచురితమయ్యాయి.

మార్లవాయి

1940లో ఆదిలాబాదు జిల్లా బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో కొమురం భీం నాయకత్వాన గోండులు, కోలాములు తిరుగుబాటు చేసారు. అటవీశాఖ వారి వేధింపులు, భూములు చేజారడం అందుకు కారణాలు. సంస్థాన సాయుధ బలగాలు జోడేఘాట్ వద్ద జరిపిన కాల్పులలో భీం, ఆయన సహచరులు మరణించారు. తిరుగుబాటు మూలకారణాలను తెలుసుకొనడానికి ప్రభుత్వం హైమెన్‌డార్ఫ్‌ను నియమించింది. కాల్పులు జరిపిన ప్రభుత్వమే ఈయనను పంపిందన్న సంగతి మరువరాదు. మొదట గోండులు ఈ తెల్లదొరను అనుమానంతో చూడడంలో వింత లేదు.

హైమెన్‌డార్ఫ్ దంపతులు మార్లవాయి గ్రామంలో పూరిల్లు వేసుకుని 1941 నుండి 1943 వరకు అక్కడే ఎక్కువ కాలం గడిపారు. (మార్లవాయి 2016 నుండి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని జైనూర్ మండలంలో ఉంది.) గ్రామ పెద్ద లచ్చు పటేల్ వారికి ఆప్తుడయ్యాడు. హైమెన్‌డార్ఫ్ గోండీ భాష నేర్చుకున్నాడు. ఆనాడు జిల్లాలో గోండుల సంఖ్య సుమారు 70 వేలు. నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు అన్నదమ్ముల సంతతిగా చెప్పుకునే నాలుగు శాఖలు వారిలో ఉన్నాయి. ఒక్కొక్క శాఖలో ఎన్నో గోత్రాలు, ఒక్కొక్క గోత్రానికి ఒక పెర్సా పేన్, అనగా పెద్ద దేవుడు. ఇనుప బల్లెపు మొన, చమరీమృగపు తోకతో కట్టిన వింజామర ఆ దేవుడి చిహ్నాలు. హిమాలయాల చమరీమృగపు వెంట్రుకలు సహ్యాద్రి కొనలోని గోండు దేవుడిని చేరడం, ఆ పండితుడే తరువాతి కాలంలో చమరీమృగాల మధ్య షెర్పాలను అధ్యయనం చేయడం యాదృచ్ఛికమే అయినా గమనింపదగినది.

పర్ధానుల పాట

గోండులకు తమ దేవతల చరిత్ర తమ నోట రాదు. దానిని పాడవలసినవారు పర్ధానులు. వీరు గోండులను ఆశ్రయించుకున్న గాయక కులం. గోండు గోత్రం ఒక్కొక్కదానికి కట్టుబడిన పర్ధాను కుటుంబాలుంటాయి. పర్ధానుల ఇంటి భాష మరాఠీ. పాట మాత్రం గోండీలో ఉంటుంది. ఇంట్లో ఒక భాష మాట్లాడుతూ మరొక భాషలోని పురాణాన్ని తరతరాలుగా కంఠస్థం చేసి నిలబెట్టడం సాహిత్య చరిత్రలో అరుదైన విషయం. ఇదే జిల్లాలో తోటి అనే మరొక చిన్న గాయక కులం కూడా ఇటువంటి వృత్తినే చేస్తుంది.

పాటకు ముఖ్య వాద్యం కిక్రి. కమానుతో వాయించే ఈ తీగవాద్యాన్ని ప్రధాన గాయకుడే పట్టుకుంటాడు. పక్కవారు వంత పాడతారు, పెప్రె ఊదుతారు, డోలు వాయిస్తారు. పెర్సా పేన్ పూజ, పెళ్ళి, చావు వంటి సందర్భాలలో గాథ గంటల తరబడి సాగుతుంది. కొంత వచనం, కొంత పాట. దేవతలు జన్మించడం, వారిని శంభు మహాదేవుడు గుహలో బంధించడం, పహండి కుపార్ లింగల్ అనే సంస్కర్త జంగుబాయి తోడ్పాటుతో వారిని విడిపించి, శాఖలుగా విభజించి, ఆచారాలు నేర్పడం ఆ గాథల సారం. ఏ గోత్రం వారు ఏ గోత్రంతో వియ్యమందవచ్చునో, ఎవరి దేవుడు ఎక్కడ వెలసినాడో అన్నీ అందులోనే ఉంటాయి. అందువలన ఇది కేవలం వినోదం కాదు. గోండు సమాజానికి అది ధర్మశాస్త్రం, వంశవృక్షం కూడా.

ఆదిలాబాదుకు ఉత్తరాన నాగపూరు ప్రాంతంలో స్టీఫెన్ హిస్లాప్ అనే మతబోధకుడు ఇటువంటి లింగల్ గాథనొకదానిని సేకరించగా, ఆయన మరణానంతరం 1866లో రిచర్డ్ టెంపుల్ ప్రచురించాడు. ఆ తరువాత దాదాపు ఎనభై ఏళ్ళకు హైమెన్‌డార్ఫ్ చేసిన సేకరణ 1948లో ఆదిలాబాదు రాజగోండుల పురాణ గాథలు, పూజావిధానాలపై గ్రంథంగా వెలువడింది. హైదరాబాదు ఆదిమజాతుల గ్రంథమాలలో ఇది మూడవ సంపుటం. పర్ధానులు చెప్పగా రాసుకున్న గాథలు, ఆయా సందర్భాలలో కళ్ళారా చూసిన పూజలు ఇందులో పక్కపక్కనే ఉంటాయి. ఏ గాథ ఏ తంతుకు ఆధారమో పాఠకుడికి స్పష్టమవుతుంది. ఈ గ్రంథపు ప్రత్యేకత అదే.

లోపం కూడా అంత స్పష్టమే. కిక్రి పట్టుకుని పాడవలసిన దానిని రాసుకునేవారి వేగానికి తగ్గించి, ఆపి ఆపి చెప్పవలసి వస్తుంది. అలా చెప్పినప్పుడు కథ మిగులుతుంది, వరస మిగలదు. వంత పాడేవారు ఎక్కడ అందుకుంటారో, గాయకుడు సభను బట్టి ఎక్కడ పెంచి ఎక్కడ కుదిస్తాడో కాగితం చెప్పలేదు. పైగా గ్రంథంలో గాథలు ప్రధానంగా ఆంగ్లంలోనే ఉన్నాయి. కనుక గోండు యువకుడు తన పురాణాన్ని ఆ పుస్తకంలో చదువుకోవాలంటే మూడవ భాషలో చదువుకోవాలి. కరెంటు లేని కొండల్లో, యుద్ధకాలపు కొరతల మధ్య జరిగిన పని అని గుర్తుంచుకున్నా ఈ లోటు లోటే.

పాటకు భూమి

పర్ధాను పాటకు కూలి గోండు ఇచ్చే ధాన్యం, పశువులు, బట్టలు. పంటలో భాగం, పెళ్ళిలోను చావులోను కానుకలు అతని హక్కు. గోండుకు భూమి ఉన్నంత కాలం పర్ధానుకు పాట ఉంటుంది. భూమి షావుకారు పాలైతే, గోండు కూలివాడైతే, దేవుడి పూజకు ఖర్చు పెట్టలేడు, గాయకుడిని పోషించలేడు. కనుక పాటను నిలపడానికి పట్టా కూడా అవసరమే. హైమెన్‌డార్ఫ్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలను, గాథల గ్రంథాన్ని కలిపి చదివితే ఈ సంబంధం బోధపడుతుంది. విడివిడిగా చదివేవారు ఒకచోట పరిపాలకుడిని, మరొకచోట పండితుడిని మాత్రమే చూస్తారు.

ఈయన సిఫారసులపై ఆదిలాబాదు గిరిజనులకు 1940లలో పెద్ద ఎత్తున పట్టాల పంపిణీ జరిగింది. ఆ దశాబ్దం ముగిసేనాటికి పంచిన భూమి లక్షన్నర ఎకరాలను మించింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం ప్రారంభమైంది. ఆ ప్రాంతంలో వ్యవహారభాష మరాఠీ కావడం వలన దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారు చేసారు. అంతకు ముందు బడి అంటే ఎరుగని పిల్లలు తమ భాషలోనే అక్షరాలు దిద్దారు. ఈ కృషిలో పాలుపంచుకున్న అధికారి సేతుమాధవరావు పగడి గోండీ, కోలామీ భాషలపై రచనలు చేసాడు. కేస్లాపూర్‌లో మెస్రం వంశీయులు జరిపే నాగోబా జాతరలో అధికారులు ప్రజల మొరలు వినే దర్బారు కూడా ఆ దశాబ్దంలో ఆరంభమైనదే. గిరిజన ప్రాంతాల రక్షణకు 1946లో హైదరాబాదు సంస్థానం ప్రత్యేక చట్టం చేసింది.

ఉస్మానియా ప్రాంగణం

1944-45లో హైమెన్‌డార్ఫ్ భారత ప్రభుత్వపు ప్రత్యేకాధికారిగా ఈశాన్య సరిహద్దులోని సుబన్‌సిరి ప్రాంతానికి వెళ్ళి, అపతానీ జాతిని పరిశీలించాడు. 1945లో హైదరాబాదుకు తిరిగి వచ్చి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారు పదవితో పాటు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవ శాస్త్ర ఆచార్య పదవి స్వీకరించాడు. 1949 వరకు ఈ రెండు బాధ్యతలు నిర్వహించాడు.

అడిక్‌మెట్, తార్నాకల మధ్య విస్తరించిన ఆ ప్రాంగణంలో ఆర్ట్స్ కళాశాల భవనం 1939లో ప్రారంభమైంది. హైమెన్‌డార్ఫ్ అక్కడ చేరేనాటికి రాయి ఇంకా కొత్తది. బోధనాభాష ఉర్దూ. మరాఠీ మాట్లాడే పర్ధాను గోండీలో పాడిన గాథను, జర్మన్ మాతృభాషగా గల ఆచార్యుడు ఆంగ్లంలోకి తెచ్చి, ఉర్దూ మాధ్యమపు విశ్వవిద్యాలయంలో కొలువు చేయడం ఆనాటి హైదరాబాదుకే చెల్లింది. గిరిజన ప్రాంతాలలో పనిచేయవలసిన అధికారులకు శిక్షణ ఇవ్వాలన్నది ఈయన పట్టుదల. కొండ మీద పనిచేసే ఉద్యోగికి కొండ భాష రావాలని, గిరిజనుని ఇంటికి వెళ్ళి కూర్చునే ఓర్పు ఉండాలని ఈయన భావించేవాడు.

ఆ తరువాతి దశాబ్దాలలో ఈ ప్రాంగణం నోటి సాహిత్యానికి, అక్షరం లేని భాషలకు ఒక ముఖ్య స్థానమైంది. ఇది హైమెన్‌డార్ఫ్ ఒక్కడి వలన జరిగినదని చెప్పలేము. ఛత్తీస్‌గఢీ పొలం పాటల సంకలనాన్ని 1947లో ప్రచురించిన శ్యామాచరణ్ దూబే ఉస్మానియాలో అధ్యాపకుడై, నగరానికి సమీపంలోని శామీర్‌పేటపై చేసిన గ్రామ అధ్యయనం 1955లో వెలువడింది. బిరుదురాజు రామరాజు తెలుగు జానపద గేయ సాహిత్యంపై ఇక్కడే పరిశోధన చేసాడు. ఆ సిద్ధాంత గ్రంథం 1958లో అచ్చయింది. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో భాషాశాస్త్ర ఆచార్యుడుగా చేరి, అరకు ప్రాంతపు కొండదొరల భాషైన కూబికి వ్యాకరణం, పాఠాలు, పదకోశం కూర్చి 1969లో ప్రచురించాడు. రామరాజుది పల్లె పాట, కృష్ణమూర్తిది కొండ భాష. కాగితం, కలం పట్టుకుని పాడేవారి, మాట్లాడేవారి ముందు కూర్చోవడం మాత్రం ఇద్దరికీ సమానం. ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న తార్నాక ఈ కాలంలోనే విశ్వవిద్యాలయ ఉద్యోగుల, పరిశోధన సంస్థల నివాస ప్రాంతంగా పెరిగింది.

లండను, హిమాలయాలు

1949లో హైమెన్‌డార్ఫ్ లండనులోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల సంస్థలో చేరాడు. త్వరలోనే అక్కడ ఆసియా మానవ శాస్త్ర ఆచార్యుడై 1976లో పదవీ విరమణ చేసేవరకు కొనసాగాడు. ఆ సంస్థలో మానవ శాస్త్ర శాఖను నిర్మించినది ఈయనే. 1949లో రాయల్ ఆంత్రొపలాజికల్ ఇన్‌స్టిట్యూట్ వారి రివర్స్ స్మారక పతకం పొందాడు, 1975-77 మధ్య ఆ సంస్థకు అధ్యక్షుడుగా ఉన్నాడు.

విదేశీయులకు నేపాల్ తలుపులు తెరిచిన తొలి రోజుల్లోనే 1953లో అక్కడికి వెళ్ళాడు. ఖుంబు ప్రాంతపు షెర్పాలపై ఈయన గ్రంథం 1964లో వెలువడింది. అపతానీలపై గ్రంథం 1962లోను, కోన్యాక్ నాగాలపై మరొకటి 1969లోను వచ్చాయి. రాసినది ఎక్కువ. సిద్ధాంత చర్చ తక్కువని, వర్ణన ఎక్కువని కొందరు మానవ శాస్త్రవేత్తలు ఈయన గ్రంథాలను విమర్శించారు. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయితే సిద్ధాంతాలు పాతబడిన తరువాత, ఆనాడు ఎవరు ఏ పూజ ఎలా చేసారో తెలుసుకోవాలనుకునే ఆయా జాతుల వారికి పనికి వచ్చేది ఆ వర్ణనే.

చిత్రాలు, దినచర్యలు, వాటి పరిరక్షణ

హైమెన్‌డార్ఫ్ ఎక్కడికి వెళ్ళినా కెమెరా వెంట ఉండేది. వేలాది ఛాయాచిత్రాలు, సుమారు 100 గంటల 16 మిల్లీమీటర్ల చలనచిత్రాలు, దినచర్యలు, క్షేత్ర నోటుపుస్తకాలు ఈయన వదిలిన సంపద. ఛాయాచిత్రాలు, రాతప్రతులు ముఖ్యంగా లండనులో ఈయన పనిచేసిన సంస్థకు చేరాయి.

చేతితో తిప్పి స్ప్రింగుతో నడిపే ఆనాటి చిన్న చలనచిత్ర కెమెరాలలో బొమ్మ పడేది కాని శబ్దం పడేది కాదు. అందువలన ఆ కాలపు ఇటువంటి చిత్రాలలో డప్పు మీద దెబ్బ కనిపిస్తుంది, వినబడదు. నర్తకుల అడుగులు చూసి తాళం ఊహించవలసిందే. గోండు పాటకు సంబంధించి ఒక చేత మాట ఉన్న కాగితం, మరొక చేత కదలిక ఉన్న ఫిల్ము మిగిలాయన్నమాట. ఈ రెంటినీ కలిపి మళ్ళీ పాటగా వినగలవాడు ఆ వరస ఎరిగిన పర్ధాను మాత్రమే.

ఫిల్ముకు కూడా ఆయుస్సు ఉంటుంది. అసిటేటు ఫిల్ము వేడికి, తేమకు రసాయనికంగా విచ్ఛిన్నమై పుల్లని వాసన వేస్తూ ముడుచుకుపోతుంది. ఒకసారి ఆ మార్పు మొదలైతే ఆపడం కష్టం. చల్లని, పొడి గదిలో ఉంచి వేగం తగ్గించవచ్చు. ఈలోగా వేరొక మాధ్యమంలోకి నకలు తీయాలి. ఈ పనికి పూనుకొన్నవాడు హైమెన్‌డార్ఫ్ శిష్యుడు, కేంబ్రిడ్జి ఆచార్యుడు అలన్ మాక్‌ఫర్లేన్. నేపాల్ గురుంగులపై హైమెన్‌డార్ఫ్ వద్దనే పరిశోధన చేసిన మాక్‌ఫర్లేన్, 1980ల చివర నాగాలకు సంబంధించిన పాత ఛాయాచిత్రాలు, దినచర్యలు, చలనచిత్రాలను ఒక్కచోట చేర్చి వీడియోడిస్కు రూపంలోకి తెచ్చాడు. హైమెన్‌డార్ఫ్ జర్మన్ దినచర్యలను దీనికోసం ఆంగ్లంలోకి అనువదింపజేసారు. కొన్నేళ్ళకే వీడియోడిస్కు యంత్రాలు వాడుకలో లేకుండా పోవడంతో ఆ సమాచారాన్ని మళ్ళీ కంప్యూటరు మాధ్యమంలోకి మార్చవలసి వచ్చింది. మైనపు గొట్టం నాటి చిక్కే వేరొక రూపంలో ఎదురైంది. 2000లో మాక్‌ఫర్లేన్, మార్క్ ట్యూరిన్, సారా ష్నైడర్‌మన్ కేంబ్రిడ్జిలో ఆరంభించిన డిజిటల్ హిమాలయ పథకంలో హైమెన్‌డార్ఫ్ చలనచిత్రాలు మొదటి సేకరణలలో ఒకటి. ఆ చిత్రాలలోని జాతులవారే వాటిని చూడగలగాలన్నది ఆ పథకపు ఆశయాలలో ముఖ్యమైనది.

గోండీలో రాత విషయానికి వస్తే, 21వ శతాబ్దంలో ఒక కొత్త సంగతి బయటపడింది. ఆదిలాబాదు జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో ప్రత్యేక లిపిలో ఉన్న గోండీ రాతప్రతులు పండితుల దృష్టికి వచ్చాయి. జయధీర్ తిరుమలరావు తదితరులు వాటిని వెలుగులోకి తెచ్చారు. గుంజాల గోండీ లిపికి 2018లో యూనికోడ్‌లో స్థానం లభించింది. దేవనాగరిలో వాచకాలు రాయించిన హైమెన్‌డార్ఫ్ గ్రంథాలను ఈ కొత్త వెలుగులో మళ్ళీ చదవవలసి ఉంది.

చివరి సంవత్సరాలు

పదవీ విరమణ తరువాత హైమెన్‌డార్ఫ్ దంపతులు ఆదిలాబాదుకు తిరిగి వచ్చి, ముప్పై ఏళ్ళ క్రితం చూసిన గ్రామాలను మళ్ళీ చూసారు. అప్పుడు పంచిన భూముల్లో ఎన్నో బయటి నుండి వచ్చినవారి చేతుల్లోకి పోయాయి. అడవి తరిగింది. 1979లో మైకేల్ యార్క్, జయప్రకాశరావుల వ్యాసాలతో కలిపి ఆంధ్రప్రదేశ్ గోండులపై గ్రంథం ప్రకటించాడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండులపై పోలీసు కాల్పులు జరిగాయి. మరుసటి ఏడు వెలువడిన, భారతీయ గిరిజనుల మనుగడ పోరాటంపై ఈయన గ్రంథం నిరాశతో కూడినది. 1940లలో పంచిన భూమి నిలవకపోవడం ఈయనను ఎంత కలచివేసినదో అందులో తెలుస్తుంది. ఆత్మకథ 1990లో వెలువడింది.

బెట్టీ 1987 జనవరి 11న హైదరాబాదులో మరణించింది. ఆమె సమాధి మార్లవాయిలో ఉంది. హైమెన్‌డార్ఫ్ 1995 జూన్ 11న లండనులో కన్నుమూసాడు. 2012లో ఆయన కుమారుడు అస్థికలను లండను నుండి తెచ్చి మార్లవాయిలో బెట్టీ సమాధి పక్కన ఉంచాడు. ప్రతి సంవత్సరం జనవరి 11న ఆ గ్రామంలో గోండులు దంపతుల వర్ధంతి జరుపుతారు. దీపావళి రోజుల్లో దండారి ఆడే గుస్సాడీ నర్తకులకు కూడా ఈ ఊరు పేరుపొందింది. గుస్సాడీ నృత్యాన్ని ఎందరికో నేర్పి 2021లో పద్మశ్రీ పొందిన కనకరాజు మార్లవాయి గ్రామస్థుడే. ఆయన 2024 అక్టోబరులో మరణించాడు.